నాలుగో పాఠం

తిరుపతిలో మిట్టమధ్యాహ్నం తెల్ల చొక్కా, టై, పాలిష్ చేసిన బూట్లు వేసుకుని తిరిగేవాళ్లు ఆ రోజుల్లో రెండే రకాలు. మందుల కంపెనీ రిప్రజెంటేటివులు ఒక రకం, మేము రెండో రకం. మా వీధి మలుపులో ఉన్న మందుల షాపాయన మొదటి నెలంతా నన్ను మొదటి రకం కిందే జమకట్టి, దగ్గుమందు శాంపిళ్లేమన్నా ఉంటే ఇచ్చి పొమ్మని అడుగుతుండేవాడు. నా పక్కన తాటిచెట్టంత తెల్ల కుర్రాడు ఎందుకు నడుస్తున్నాడో మాత్రం ఆయనకు అంతుచిక్కలేదు. కంపెనీ ఫారిన్‌ది కాబోలు అనుకుని ఊరుకున్నాడట.

మేం మార్మన్ మిషనరీలం. క్రీస్తును నమ్మే సంఘాల్లో అదొకటి. అందులో పంతొమ్మిదేళ్లు నిండిన కుర్రాళ్లు చదువూ ఉద్యోగమూ పక్కన పెట్టి, రెండేళ్లపాటు ఎక్కడికి పంపితే అక్కడికి పోయి బోధ చెయ్యాలి. ఊరు మనం కోరుకునేది కాదు, పైవాళ్లు వేసేది. నాది విశాఖపట్నం పక్కన, మేడ ఎక్కితే సముద్రం కనపడే ఊరు. నన్ను మొదట వేరే ఊళ్లో ఉంచి, ఆ తర్వాత తిరుపతికి వేశారు. నా జతగాడిది అమెరికాలో బంగాళదుంపలు పండించే ఊరు. వాణ్ణీ తిరుపతికే వేశారు. తెలుగు నీకు పుట్టుకతో వచ్చు కాబట్టి వాడికి నువ్వే దిక్కు అని నాతో చెప్పి పంపారు. తీరా బస్టాండులో దిగగానే ఆటో అతను "యాడికి పోవల్లప్పా?" అనేసరికి నాకే ఒక్క నిమిషం ఆలోచించుకోవలసి వచ్చింది. నా జతగాడు నా ముఖం చూసి, ఇది తెలుగేనా అని ఇంగ్లీషులో అడిగాడు. తెలుగే, కానీ మన పుస్తకంలోది కాదు అన్నాను.

మేము ఒకరినొకరం 'ఎల్డర్' అని పిలుచుకోవాలి. పెద్ద అని అర్థం. మీసమైనా సరిగా రాని ఇద్దరు పెద్దలం కలిసి ఒక ఇంటి మేడమీద గదిలో దిగాం. ఆరున్నరకు లేవాలి, ప్రార్థన చేసుకోవాలి, రెండు గంటలు చదువుకోవాలి, తొమ్మిదిన్నరకు బయటపడాలి. స్నానాల గది తప్ప ఎక్కడికీ ఒకరిని వదిలి ఒకరు పోకూడదు. సినిమాలు లేవు. ఇంటికి ఫోను ఏడాదికి రెండుసార్లు. సోమవారం బట్టలు ఉతుక్కోవడానికి సెలవు. మున్సిపాలిటీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అందులోనూ మా సోమవారంతో దానికి పొత్తు కుదిరేది కాదు. అందుకని తెల్ల చొక్కాలు గురువారం బక్కెట్లో నానేవి, సోమవారం దాకా వాటి గతి దేవుడికే ఎరుక. నా జతగాడు ఇంటి దగ్గర ట్రాక్టరు తోలినవాడే గాని చొక్కా ఉతికినవాడు కాదు. సబ్బు రుద్దడం దగ్గర్నుంచి నేనే నేర్పాల్సి వచ్చింది.

అన్ని నియమాలనూ తట్టుకున్నాను గాని, టీ కాఫీలు తాగకూడదన్న నియమం మాత్రం నన్ను బాగా ఏడిపించింది. మా నాయనమ్మ నాకు నడక రాకముందే టీ అలవాటు చేసిన మనిషి. పైగా తిరుపతిలో మా గది కిందే ఒక టీ బంకు. తెల్లారకముందే అల్లం దంచిన వాసన మెట్లెక్కి వచ్చేది. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని, ఈ రెండేళ్లు అయిపోయాక కూడా తాగకూడదు కదా అని దిగులు పడేవాణ్ణి.

బోధన అంటే మైకులు పెట్టి చెప్పడం కాదు. తిరుపతి ఎలాంటి ఊరో మా పైవాళ్లకు తెలుసు. రోడ్డు మీద కాగితాలు పంచొద్దు, తలుపులు తట్టొద్దు, బోధ పేరుతో కొండెక్కే ఆలోచనే పెట్టుకోవద్దు, ఎవరన్నా పిలిస్తేనే పొండి అని గట్టిగా చెప్పారు. అది సబబే అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, మమ్మల్ని పిలిచేవాళ్లు లేరు. చిత్తూరులో ఒక కుటుంబం మా సంఘంలో ఉండేది. వారానికోసారి బస్సెక్కి వాళ్లింటికి పోయేవాళ్లం. ఆదివారం వాళ్లు తిరుపతి వచ్చి మా గదిలో ప్రార్థనకు కూర్చునేవాళ్లు. మిగతా రోజుల్లో మేం తెలుగు చదువుకుంటూ, చొక్కాలు నానబెట్టుకుంటూ, ఎవరు పిలుస్తారా అని ఎదురుచూస్తూ ఉండేవాళ్లం. ఇలాగే ఉంటే ఊరు మూసేసి మమ్మల్ని వేరే చోటికి వేస్తారని తెలుసు. నా జతగాడికి అదొక పెద్ద బెంగ. తన చేతిలో ఊరు మూతపడిందని ఇంటికి పోయి ఎలా చెప్పుకోవడం అని కుమిలిపోయేవాడు.

మూడు నెలలకు ఒక ఇల్లు పిలిచింది. మద్రాసులో ఉన్న ఒకతను మా సంఘంలో చేరి, తిరుపతిలో మా అక్క ఉంది, వింటానంటోంది, పొండి అని చెప్పించాడు. రైలు కట్టకు అవతల వరసగా ఉన్న చిన్న ఇళ్లలో ఆవిడదొకటి. ముందు పంచ, పంచలో కుట్టు మిషను. ఇరుగుపొరుగు ఆడవాళ్లకు రవికలు కుట్టేది. నలభై దాటి ఉంటాయి. కూతురు మద్రాసులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. భర్త తిరుమల ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరు. ఆయన పొద్దున్నే నామం పెట్టుకుని డ్యూటీకి పోతే ఎప్పుడు దిగివస్తాడో ఆవిడకే సరిగా తెలియదు.

ఆవిడ పుట్టిల్లు ఐరాల పక్కన ఒక పల్లె. కూలికి పోయే క్రైస్తవ కుటుంబం. ఆయనది పుత్తూరు వైపు భూములున్న రైతు ఇల్లు. ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. దాంతో ఆవిడ చర్చివాళ్లు, బయటివాణ్ణి చేసుకున్నావని మొహం చాటేశారు. అత్తవారు సరేసరి. పాట పాడుకోవడానికి ఒక చోటు లేకుండా ఇరవై ఏళ్లు గడిపానని ఆవిడ మొదటి రోజే మాతో చెప్పింది.

"నాకు పెద్ద పెద్ద సంగతులేం వొద్దు నాయనా. ఆదివారం పూట పదిమందిలో కూసోని ఒక పాట పాడుకోవల్ల. మీ కాడ నన్ను కూసోబెట్టుకుంటారా?"

కూర్చోబెట్టుకోవడం ఏమిటక్కా, మీరు వస్తే మా గదికే కళ వస్తుంది అన్నాను. మాట వరసకు అన్నది కాదు. ఆ గదిలో ఆదివారం పాట ఎత్తుకుంటే నా గొంతు, నా జతగాడి గొంతే వినపడేవి. మా ఇద్దరి పాటా వింటే దేవుడికైనా జాలి వేస్తుంది.

మా బోధ ఆరు పాఠాలు. బొమ్మలున్న అట్టల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అట్ట తిప్పుతూ చెప్పాలి. వరస తప్పకూడదు. మొదటి పాఠం అయ్యాకే రెండోది, రెండోది అయ్యాకే మూడోది. శరీరాన్ని గుడిలాగా చూసుకోవాలి, సారాయి, పొగాకు, టీ, కాఫీ ముట్టకూడదు అన్నది నాలుగో పాఠం. అంతవరకూ ఆ సంగతి ఎత్తకూడదు. ఎవరన్నా కాఫీ ఇస్తే మర్యాదగా వద్దనాలి, ఎందుకు వద్దో చెప్పకూడదు. కాఫీ మానాలని మొదటి రోజే చెబితే రెండో రోజు తలుపు తీయరని నా జతగాడి గట్టి నమ్మకం. చిత్తూరు జిల్లాలో అది మరీ తప్పు నమ్మకం కూడా కాదు. మద్రాసు గాలి సోకిన చోటు, అక్కడ కాఫీ లేకుండా పొద్దు పొడవదు.

ఇంకో నియమం కూడా ఉంది. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే ఉన్నప్పుడు మేం గడప దాటకూడదు. ఇంకొక మగమనిషి ఉంటేనే లోపలికి పోవాలి. అది ఏ పాఠంలోనూ లేదు, మా రూలు పుస్తకంలో ఉంది. ఆవిడ ఇంటికి మేం మధ్యాహ్నాలు పోయేవాళ్లం, అప్పుడు ఆయన కొండ మీదో ఘాట్ మలుపుల్లోనో ఉండేవాడు. కాబట్టి మేము పంచలోనే కూర్చునేవాళ్లం.

మొదటి రోజు ఆవిడ, ఎండలో ఎందుకు, లోపల ఫ్యానుంది రండి అంది. పర్వాలేదండి, ఇక్కడే గాలి బాగుంది అన్నాను. గాలి అనేది ఆ వీధిలో ఉంటే గదా. కాఫీ కలిపి స్టీలు లోటాల్లో తెచ్చింది. నా జతగాడు తాను బట్టీపట్టిన వాక్యం అప్పజెప్పాడు. వద్దండి, చాలా థాంక్సండి. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఆవిడ కాఫీ తేలేదు, చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చింది. మేం అవీ ముట్టలేదు. నాకు అంతకుముందున్న ఊళ్లో పచ్చకామెర్లు వచ్చి తగ్గాయి. నా జతగాడి కడుపు తిరుపతి వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క రోజు మాట వినలేదు. బయట నీళ్లు తాగితే ఇంటికి పంపించేస్తామని పైవాళ్లు కేకలేసి ఉన్నారు. అందుకని మేం సంచుల్లోంచి మా సీసాలు తీసి, కాచి వడబోసిన నీళ్లు ఆవిడ పంచలోనే కూర్చుని, ఆవిడ ముందరే గుటగుటా తాగాం. ఆవిడ చెంబు పట్టుకుని అలాగే నిలబడి చూసింది. పాఠం బాగా జరిగిందని మేం సంబరపడుతూ వచ్చేశాం.

నాలుగోసారి నాలుగో పాఠం అట్టలు సర్దుకుని పోయాం. ఆవిడ తలుపు సగం తీసి, గడప మీద నిలబడింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మా కుర్చీలు పంచలో లేవు.

"మా ఆయన వొద్దంటాండాడు నాయనా. ఇంగ మీరు రావద్దండి."

కోపంగా అనలేదు, మెత్తగానే అంది. తలుపు కూడా నెమ్మదిగానే వేసింది. మేము వీధిలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా జతగాడు గదికి వచ్చాక టై విప్పి మంచం మీద పడేసి, నా తెలుగు వల్లేనా అని అడిగాడు. నీ తెలుగు వల్ల ఊళ్లు మునగవులే అన్నాను. నవ్వలేదు.

వారానికోసారి ఎస్టీడీ బూతు నుంచి బెంగుళూరులో ఉండే మా పెద్దాయనకు ఫోను చేసి సంగతులు చెప్పాలి. చెప్పాను. ఆయన అంతా విని, పెళ్లయిన మనిషిని ఇంటాయన ఒప్పుకోకుండా చేర్చుకునేది లేదు, అది మన నియమం, అయినా ఒకసారి ఆయన్నే కలిసి, మీ ఇంటికి మీకు తెలియకుండా వచ్చినందుకు క్షమించమని అడగండి, ఆయన కాదంటే అంతటితో వదిలేయండి అన్నాడు. చెప్పడం సులువే. ఆ డ్రైవరును మేం ఒకే ఒక్కసారి చూశాం, బస్సు దిగుతుండగా. మీసాలు చెంపల దాకా ఉన్నాయి. కండక్టరును పిలిచిన పిలుపుకు బస్టాండులో నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ఆ మనిషి పెళ్లానికి ఆయన లేనప్పుడు వచ్చి బోధ చేసిన ఇద్దరు కుర్రాళ్లకు ఏం జరగవచ్చో ఊహించుకుంటూ మేం చాలా రోజులు గడిపాం. ఇవాళ పోదాం అంటే రేపు పోదాం అనుకున్నాం. ఆ వీధి మీదుగా పోవలసిన పనులకు చుట్టు తిరిగి పోయాం. చిత్తూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బెల్లం వండే పాకల పొగ చూస్తూ, ఇక ఊరు మూతపడ్డట్టే అని ఇద్దరం ఎవరికి వారు అనుకునేవాళ్లం.

చివరికి ఒక రోజు నాకే ఒళ్లు మండింది. ఇంత భయపడటానికి మనం ఏం దొంగతనం చేశాం, తిడితే పడతాం, కొడితే నాలుగు తింటాం, పద అన్నాను. ఆయనకు వారం సెలవు ఏ రోజో పక్కింటివాళ్లను అడిగి, ఆ రోజు పోయాం. నా జతగాడు దారిలో రెండుసార్లు ఆగి ప్రార్థన చేసుకున్నాడు. మూడోసారి ఆగబోతే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

డ్రైవరు పంచలో లుంగీ, బనియనుతో కూర్చుని చేటలో వేరుశనక్కాయలు వొలుస్తున్నాడు. మమ్మల్ని చూసి తల ఎత్తాడు. నేను బట్టీపట్టుకొచ్చిన క్షమాపణ ఎత్తుకునేలోపే ఆయన కాయలు పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, "రాండప్పా, లోపలికి రాండి" అన్నాడు.

ఇంట్లో మగమనిషి ఉన్నాడు కాబట్టి మాకు అడ్డులేదు. బూట్లు విప్పి, ఏ ఆలోచనా లేకుండా గడప దాటి లోపలికి పోయి, చాప మీద కూర్చున్నాం. వంటింట్లోంచి ఆవిడ వచ్చి, మమ్మల్ని అక్కడ చూసి ఆగిపోయింది. మా మొహాల వంక కాదు, చాప మీద బాసింపట్టు వేసుకున్న మా కాళ్ల వంక చూస్తోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేను క్షమాపణ మొదలుపెట్టాను. మీకు తెలియకుండా వచ్చాం, మీకు ఇష్టం లేదని అక్క చెప్పింది, ఇక రాము, మనసులో ఏమీ పెట్టుకోవద్దు అని ఇంకా ఏదో చెబుతున్నాను. ఆయన మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనెప్పుడు వొద్దంటిని?"

మమ్మల్ని కాదు, పెళ్లాన్ని అడిగాడు. మీకు తెలియకుండా అని నేను అంటున్నాను గాని, మేం వచ్చిన మొదటి రోజే వీధి వీధంతా ఆయనకు చెప్పిందట. పంచలో అందరికీ కనపడేలా కూర్చున్న మనుషుల మీద నాకు అనుమానమేముంటుంది, పాట పాడుకుంటానంటే సంతోషమే గదా, నేనే ఆదివారం డ్యూటీ మార్చుకుని ఆవిణ్ణి దింపుదామనుకున్నాను అని చెప్పాడు. ఇంతలో ఆవిడే, వాళ్లు రారులే అనేసిందట. నా నెత్తి మీంచి పెద్ద బరువు దింపినట్టయింది. కానీ ఆ వెంటనే, మరి ఆవిడ ఎందుకు వద్దంది అన్న భయం పట్టుకుంది. ఆయన మీద భయం కన్నా ఇది ఎక్కువగా ఉంది.

ఆవిడ వంటింటి గోడకు ఆనుకుని, కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత నా వైపే చూసి అడిగింది.

"మూడుసార్లు వస్తిరి. గడప తొక్కలే. కాఫీ తాగలే. నీళ్లు గూడా మీ సీసాల్లోవే తాగితిరి. మా కులం ఎవురు సెప్పినారు మీకు?"

ఆ ప్రశ్న విన్నాకగాని మేం ఆ పంచలో కూర్చుని ఏం చేశామో నాకు కనపడలేదు. నా జతగాడు ఏమంటోంది, ఏమంటోంది అని ఇంగ్లీషులో గుసగుసలాడుతున్నాడు. వాడికి తెలియకపోవడంలో వింత లేదు, వాళ్ల ఊళ్లో బంగాళదుంపలకు కులం ఉండదు. నేను తెలుగువాణ్ణి. అందులోనూ ఏ తెలుగువాణ్ణో ఆవిడకు తెలియదు. టై, బూట్లు, ఇంగ్లీషు చూసి ఆవిడ నన్ను ఎక్కడో పైన కూర్చోబెట్టింది.

"అక్కా, మాదీ ఊరి బయట పేటే" అన్నాను. "మా నాయనమ్మకు కామందులింట్లో టీ కొబ్బరిచిప్పలో పోసేవాళ్లు. మాకెవరూ ఏమీ చెప్పలేదు. కాఫీ తాగకూడదని మాకు నియమం, ఎవరింట్లోనూ తాగం. అన్న ఇంట్లో లేనప్పుడు లోపలికి రాకూడదు, అదీ నియమమే. ఇవాళ అన్న ఉన్నాడు, వచ్చాం."

నా జతగాడికి రెండు ముక్కల్లో సంగతి చెప్పాను. వాడి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. గబగబా మోకాళ్ల మీద లేచి, ఆవిడ వైపు తిరిగి, తన పుస్తకం తెలుగులో, "క్షమించండి అక్కా. మీ నీళ్లు చాలా మంచివి. నా కడుపు చాలా చెడ్డది" అన్నాడు.

డ్రైవరు పకపకా నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు, గోడ వదిలి రెండడుగులు ముందుకు వచ్చింది. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే మీకు ఏం పోయేది అని నన్ను నిలదీసింది. నేను నిజమే చెప్పాను. వరస రాలేదక్కా, అది నాలుగో పాఠంలో ఉంది, మీరు మూడు పాఠాలకే తలుపేశారు. అప్పుడు నవ్వింది. మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అది కూడా వదిలేసి, చాప అంచు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఎందుకో తెలియకుండానే నేనూ నవ్వాను, నా జతగాడూ నవ్వాడు.

అప్పుడు నాలుగో పాఠం చెప్పాను, అట్టలు లేకుండానే. డ్రైవరు శ్రద్ధగా విన్నాడు. సారాయి దగ్గర తల ఊపాడు, బీడీ దగ్గర ఇబ్బందిగా కదిలాడు, కాఫీ దగ్గర ఇక ఉండబట్టలేక, సారాయంటే సరేనప్పా, కాఫీ ఎవరికేం అన్యాయం చేసింది అని నిలదీశాడు. ఆవిడ ఈలోగా లోపలికి పోయి, మజ్జిగలో నీళ్లు పోసి, కొత్తిమీర వేసి, కాఫీ తెచ్చిన ఆ స్టీలు లోటాల్లోనే తెచ్చింది. నేను నా జతగాడి వైపు చూశాను. వాడు నా వైపు చూడనే లేదు. లోటా అందుకుని గడగడా తాగి, ఇంకొకటి కావాలన్నాడు. ఆ తర్వాత మంచం మీంచి లేవలేక వాడు పడ్డ పాట్లు నేను చెప్పను గాని, ఒక్కసారి కూడా తాగినందుకు బాధపడలేదు.

మేం బయల్దేరుతుంటే డ్రైవరు గేటు దాకా వచ్చాడు. వీధిలోకి వచ్చాక కూడా వెనక్కి పోకుండా, మాతోపాటు కాస్త దూరం నడిచాడు. బీడీ తీశాడు, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

"వచ్చే వారం మాయమ్మకు ఈడ కంటి ఆపరేషనుండాది" అన్నాడు. "ఊరినించి ఎప్పుడొచ్చినా ఆమె ఆ పంచలోనే కూసుంటాది. నేను ఓటలు నించి పొట్లం తెస్తా. ఇద్దరం ఆడనే తింటాం. నా పెండ్లాము లోపల తింటాది. ఇరవై ఏండ్లుగా ఇదే. యాలమ్మా అని నేనొక్కనాడూ అడగలే. మీకైతే ఒక కారణముండె."

ఈసారి ఓటలుకు పోను అన్నాడు. పోయి రాండి అని చెప్పి వెనక్కి తిరిగాడు.

ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు. ఆవిడకు మా మీద ఉన్న అనుమానం తీరింది, మంచిదే. కానీ ఇప్పుడు మా పుణ్యమా అని ఆ ఇంట్లో తల్లీ కొడుకుల మధ్య ఏం రేగుతుందో, కంటికి కట్టు కట్టుకున్న ముసలామె అలిగి ఊరికి పోతే ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో అని ఒకటే గుబులు. అత్తను తరిమేసిందన్న పేరు ఆవిడకు వస్తే, మేం చెప్పే ఏ పాఠమూ దాన్ని కడగలేదు. ఆవిడ తర్వాత మా సంఘంలో చేరిందని, కాఫీ మానడానికి మాత్రం నానా తంటాలు పడిందని నేను వేరే ఊరికి బదిలీ అయ్యాక విన్నాను. ఆ వారం మాత్రం ఆవిడ చేరుతుందా లేదా అన్నది నాకు అసలు తట్టనే లేదు. పొద్దున ప్రార్థనలో నా జతగాడు ఆ ముసలామె కన్ను బాగుపడాలని కోరుకుంటుంటే, నేను ఆమె ఆ ఇంట్లో కడుపు నిండా తినాలని కోరుకున్నాను.

అత్త ఊరికి వెళ్లిపోయిందని తెలిశాక పోయాం. డ్రైవరు ఇంట్లోనే ఉన్నాడు, స్నానం చేస్తున్నాడు. ఆవిడ మిషను ముందు కూర్చుని రవిక చేతులు అతుకుతోంది. మమ్మల్ని చూసి లేచింది. మేం అడక్కముందే ఆవిడే చెప్పింది.

మొదటి పూట అత్త పంచలోనే కూర్చుంది. ఈయన పొట్లం తేలేదు. లోపల కంచం పెట్టుకుని తింటూ, అమ్మా ఆకలైతే రా అన్నాడు. ఆమె రాలేదు. మాత్రలు తిండి తిన్నాకే వేసుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆమె తిండీ తినలేదు, మాత్రలూ వేసుకోలేదు. రెండో పూటా అంతే. ఆవిడకు భయం వేసి, పోనీ ఓటలు నుంచి తెమ్మని మొగుణ్ణి బతిమాలింది. ఆయన కదలలేదు. ఆ తర్వాత, ఒక కంటికి కట్టుతో, గోడ తడుముకుంటూ అత్తే లోపలికి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా కొడుకు పక్కన కూర్చుంది. ఆవిడ కంచం పెట్టి, అన్నం, పప్పు వడ్డించింది.

"తినిందా అక్కా?" అని అడిగాను.

ఆవిడ చేతిలో ఉన్న రవికను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. తర్వాత మా ఇద్దరి వైపూ చూసింది.

"పప్పులో ఉప్పు సాల్లేదనింది" అంది. "ఇంగొకసారి పెట్టించుకోని తిని, మళ్లా అదే మాట అనింది."